క్వార్టర్సు, కారు, పండగ కానుక: బ్యాంకులో పడని జీతానికి టీడీఎస్ ఎలా కట్టాలి

జీతం బ్యాంకులో వేసేటప్పుడు టీడీఎస్ (జీతం ఇచ్చేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయడం ఏ అకౌంటెంటుకైనా తెలుసు. తప్పు జరిగేదల్లా బ్యాంకులో పడని జీతం దగ్గరే. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలో మేనేజరుకిచ్చిన కారు, గరివిడి ప్లాంటులో ఇంజనీరుకిచ్చిన క్వార్టరు, పలాస జీడిపప్పు వ్యాపారి సంక్రాంతికి గుమస్తాలకు పెట్టిన బట్టలు, ఇవన్నీ చట్టం లెక్కలో జీతంలోకే వస్తాయి. ఆదాయపు పన్ను చట్టం 17(2) సెక్షన్ వీటిని పెర్క్విజిట్లు అంటుంది. ఆఫీసుల్లో పెర్క్స్ అంటారు. పన్ను ఉద్యోగిదే. దాన్ని లెక్కగట్టి, కోసి, కట్టే పూచీ మాత్రం యజమానిది. కోయడం మరిచిపోతే ఆ పన్నూ వడ్డీ కూడా యజమాని మెడకే చుట్టుకుంటాయి.

పాతతరం అకౌంటెంట్లు ఇప్పటికీ దీన్ని ఎఫ్‌బీటీ అంటుంటారు. ఫ్రింజ్ బెనిఫిట్ ట్యాక్స్ 2005లో వచ్చింది. అప్పట్లో సౌకర్యాల విలువ మీద యజమానే 30 శాతం కట్టేవాడు. 2009 బడ్జెట్‌తో అది పోయింది. ఆ రోజుల అలవాటుతో "అది కంపెనీ ఖర్చు, ఉద్యోగికి సంబంధం లేదు" అనుకుంటే మోసపోతారు.

కింది అంకెలు, సెక్షన్లు, ఫారాలు అన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, 1961 చట్టం ప్రకారం చెప్పినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేది 2025 నాటి కొత్త చట్టం. జీతాల టీడీఎస్ 192వ సెక్షన్ అందులో 392 అవుతుంది. అందుకని 2026 ఏప్రిల్ నుంచి ఇచ్చే జీతాలకు ఈ అంకెలను ఉన్నవున్నట్టు మోసుకెళ్లకండి, కొత్త నిబంధనల పట్టిక దగ్గర పెట్టుకుని లెక్క కట్టండి.

మొదటి పని: లెడ్జర్లు తిరగెయ్యండి

పెర్క్స్ అని ఎవరూ విడిగా లెడ్జర్ తెరవరు. అవి వేరే పద్దుల్లో దాక్కుని ఉంటాయి. టాలీలో "స్టాఫ్ వెల్ఫేర్", "ఫెస్టివల్ ఎక్స్‌పెన్సెస్", "వెహికల్ మెయింటెనెన్స్", "గెస్ట్ హౌస్", "రెంట్", "ఎలక్ట్రిసిటీ", "అడ్వాన్సెస్ టు స్టాఫ్" పద్దులను ఏప్రిల్ నుంచి వరసగా చూడండి. ప్రతి ఎంట్రీ దగ్గర ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ ఖర్చు వల్ల ఫలానా ఉద్యోగికి ఇంట్లో ఖర్చు తప్పిందా? తప్పితే అతని పేరు, తేదీ, మొత్తం, అతని దగ్గర వసూలు చేసిందేమైనా ఉంటే అదీ ఒక రిజిస్టరులో రాయండి. ఎక్సెల్ షీటు చాలు. ఈ పని మార్చిలో మొదలుపెడితే సగం బిల్లులకు ఎవరి పేరూ దొరకదు. ఇచ్చిన రోజునే రాయడం అలవాటు చేస్తే మిగతాదంతా కూడికలూ తీసివేతలే.

కరెంటు బిల్లు దగ్గర ఒక మెలిక ఉంది. ఈపీడీసీఎల్ కనెక్షన్ ఉద్యోగి పేరున ఉండి బిల్లు మీరు కడితే, అతని బాకీ మీరు తీర్చినట్టు. జీతం ఎంతైనా అది పన్ను పడే పెర్క్. కనెక్షన్ కంపెనీ పేరున ఉంటే లెక్క వేరు, కింద చూడండి.

రెండో పని: ఎవరికి వర్తిస్తుందో విడగొట్టండి

అన్ని పెర్క్స్ అందరికీ పన్ను పడవు. ఇల్లు, ఉద్యోగి బాకీలు మీరు తీర్చడం, వడ్డీ లేని అప్పు, కానుకలు, భోజనం, వస్తువుల వాడకం, ఇవి ఏ ఉద్యోగికైనా లెక్కలోకి వస్తాయి. కారు, పనిమనిషి, తోటమాలి, కంపెనీ పేరున ఉన్న గ్యాసు, నీళ్లు, కరెంటు, కంపెనీ బడిలో చదువు లాంటివి మాత్రం మూడు రకాల వాళ్లకే: డైరెక్టర్లు, కంపెనీలో 20 శాతం ఓటు హక్కున్న వాటాదారులు, నగదు జీతం ఏడాదికి 4,00,000 రూపాయలు దాటినవాళ్లు. ఈ పరిమితి చాలా ఏళ్లపాటు 50,000 దగ్గరే ఉండిపోయింది. 2025 ఆగస్టు నోటిఫికేషన్‌తో పెరిగింది, 2025-26కి వర్తిస్తుంది. పాత అంకెతో లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే నెలకు 25,000 జీతమున్న సూపర్‌వైజరు మీద కూడా అనవసరంగా కారు పెర్క్ పడుతుంది.

ఇంకో మాట, మన పక్క ఎక్కువ వ్యాపారాలు భాగస్వామ్య సంస్థలు కాబట్టి. భాగస్వామి ఉద్యోగి కాడు. ఫర్ము అతనికిచ్చే జీతం అతని వ్యాపార ఆదాయం. దానికి 192 కాదు, 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన 194టీ చూడాలి. ఏడాదికి 20,000 దాటితే 10 శాతం. అలాగే వారానికోసారి ఫ్యాక్టరీకి వచ్చి చూసే డాక్టరు జీతం మీద లేకపోతే, అతనికిచ్చిన కానుక 194ఆర్ కిందికి పోతుంది. అక్కడా గీత 20,000, రేటు 10 శాతం. ఉద్యోగుల కానుకలను పొరపాటున 194ఆర్‌లో చూపిస్తే రిటర్ను సవరించుకోవాల్సి వస్తుంది.

మూడో పని: విలువ కట్టండి

ఇక్కడే టైము పడుతుంది. ఆదాయపు పన్ను నిబంధనల్లో 3వ నిబంధన ఒక్కో పెర్క్‌కి ఒక్కో లెక్క చెబుతుంది. బజారు ధరతో పని లేదు.

ఇల్లు. కంపెనీ సొంత క్వార్టరైతే జీతంలో శాతం లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం 40 లక్షలు దాటిన నగరంలో 10 శాతం, 15 నుంచి 40 లక్షల మధ్య 7.5 శాతం, మిగతా చోట్ల 5 శాతం. శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి, రాజాం, ఆమదాలవలస అన్నీ 5 శాతంలోకే వస్తాయి. విశాఖ 7.5 శాతం. ప్లాంటు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నా, మేనేజరుకి కంపెనీ సొంత ఫ్లాటు విశాఖలో ఇస్తే 7.5 శాతమే. ఫ్యాక్టరీ ఎక్కడుందన్నది కాదు, ఇల్లు ఎక్కడుందన్నదే చూడాలి. కంపెనీ అద్దెకు తీసుకుని ఇస్తే, కట్టిన అద్దె, జీతంలో 10 శాతం, రెండిట్లో ఏది తక్కువైతే అది. ఊరు ఏదైనా ఇదే లెక్క. ఫర్నిచరు, ఏసీ, ఫ్రిజ్ పెడితే వాటి కొన్న ధరలో ఏడాదికి 10 శాతం కలపండి. అద్దెకు తెచ్చినవైతే ఆ అద్దె. ఉద్యోగి దగ్గర వసూలు చేసింది తీసెయ్యండి.

ఈ లెక్కలో "జీతం" అంటే బేసిక్ ఒక్కటే కాదు. బోనస్, కమీషన్, పన్ను పడే అలవెన్సులు అన్నీ కలుస్తాయి. యజమాని పీఎఫ్ వాటా, పన్ను మినహాయింపున్న అలవెన్సులు, ఇతర పెర్క్స్ విలువ కలవవు. డీఏ రిటైర్మెంటు ప్రయోజనాల లెక్కలో లేకపోతే అదీ కలవదు.

చాలామంది వదిలేసే లాభం ఒకటుంది. అదే ఇంట్లో అదే ఉద్యోగి రెండో ఏడాది కూడా ఉంటే, మొదటి ఏడాది విలువను ద్రవ్యోల్బణ సూచీతో పెంచగా వచ్చిన మొత్తాన్ని ఈ ఏడాది విలువ దాటకూడదు. 2024-25 సూచీ 363, 2025-26 సూచీ 376. నిరుడు 16 లక్షల జీతం మీద 5 శాతం 80,000 అయిందనుకోండి. ఈ ఏడు జీతం 18 లక్షలైతే 5 శాతం 90,000 వస్తుంది. కానీ 80,000ను 376తో గుణించి 363తో భాగిస్తే 82,865. అంతే వెయ్యాలి. మొదటి ఏడాది లెక్క కాగితం దాచకపోతే ఈ తగ్గింపు పోయినట్టే.

కారు. కంపెనీ కారును ఆఫీసు పనికీ సొంత పనికీ వాడుతూ, ఖర్చులన్నీ కంపెనీయే పెడితే, 1.6 లీటర్ల ఇంజను వరకు నెలకు 1,800, దాటితే 2,400. డ్రైవరు ఉంటే మరో 900. సొంత వాడకానికయ్యే పెట్రోలు, మరమ్మతుల ఖర్చు ఉద్యోగే పెట్టుకుంటే 600 లేదా 900, డ్రైవరుకి అదే 900. పూర్తిగా సొంతానికే ఇస్తే ఈ సులువు లెక్క లేదు. నడిపిన ఖర్చంతా, డ్రైవరు జీతం, కారు ధరలో ఏడాదికి 10 శాతం అన్నీ కలుస్తాయి. డైరెక్టరుగారి భార్య వాడే కంపెనీ కారు దాదాపు ఎప్పుడూ ఈ చివరి రకమే. పుస్తకాల్లో మాత్రం 1,800 దగ్గరే కనిపిస్తుంది. పూర్తిగా ఆఫీసు పనికే అంటే విలువ సున్నా. దానికి తేదీ, వెళ్లిన చోటు, కిలోమీటర్లు, ఖర్చు రాసిన లాగ్ బుక్, కంపెనీ ధ్రువపత్రం ఉండాలి. ఏడాది చివర ఒకే పెన్నుతో ఒకే చోట కూర్చుని రాసిన లాగ్ బుక్కును అధికారి చూడగానే పట్టేస్తారు.

శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి మీద ఫ్యాక్టరీకి నడిపే సిబ్బంది బస్సు పెర్క్ కాదు. ఇంటి నుంచి పనికీ, పని నుంచి ఇంటికీ యజమాని పెట్టే బండిని చట్టమే పక్కన పెట్టింది.

భోజనం. పని వేళల్లో ఫ్యాక్టరీలో పెట్టే భోజనానికి పూటకు 50 రూపాయల వరకు పన్ను లేదు. టీ, టిఫినుకి అసలే లేదు. క్యాటరర్ ప్లేటుకి 90 తీసుకుని, ఉద్యోగి 20 ఇస్తే కంపెనీకి పడేది 70. దాంట్లో 50 పోతే 20 పెర్క్. నెలకు 25 పూటలైతే ఏడాదికి 6,000. కూపన్లిచ్చే పద్ధతిలో ఈ 50 రూపాయల మినహాయింపు కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు దక్కదు. ఇప్పుడు ఎవరూ ఏమీ ఎంచుకోకపోతే వర్తించేది కొత్త విధానమే కాబట్టి, కూపన్ల కన్నా క్యాంటీనే నయం.

కానుకలు. ఇక్కడ గొడవ ఎక్కువ. వస్తు రూపంలో గానీ ఓచరుగా గానీ ఇచ్చిన కానుకలన్నీ కలిపి ఏడాదికి 5,000లోపు ఉంటే విలువ సున్నా. "ఏడాదికి" అన్న మాట మీద కన్నుంచండి. పైడితల్లి సిరిమానోత్సవం, దీపావళి, సంక్రాంతి అన్నీ ఒకే ఆర్థిక సంవత్సరంలో పడతాయి. ఉగాది 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది కాబట్టి 2025-26లో అది కూడా కలిసింది. దీపావళికి 1,200 జీడిపప్పు డబ్బా, సంక్రాంతికి 2,800 పొందూరు ఖద్దరు పంచెల జత, ఉగాదికి 1,500 ఓచరు ఇస్తే 5,500. గీత దాటింది. దాటాక మొత్తం 5,500 వెయ్యాలా, పైన ఉన్న 500 వేస్తే చాలా అన్నదాని మీద రెండు పద్ధతులూ నడుస్తున్నాయి. నిబంధన మాటల ప్రకారం మొత్తం వెయ్యడం క్షేమం. అంతకన్నా క్షేమం, ఏటా మనిషికి 4,900 దగ్గర ఆపెయ్యడం. ధర అంటే జీఎస్టీతో కలిపి మీరు కట్టిన బిల్లు. కవరులో పెట్టిచ్చిన నగదుకి ఈ మినహాయింపు లేదు. వందైనా, వెయ్యైనా అది జీతమే.

అప్పు. అప్పులన్నీ కలిపి 20,000 దాటకపోతే పెర్క్ లేదు. అందుకే పండగ అడ్వాన్సు ఆ లోపు ఉంచడం తెలివి. దాటితే, ఆ ఆర్థిక సంవత్సరం మొదటి రోజున అదే రకం అప్పుకి ఎస్‌బీఐ వసూలు చేసే వడ్డీ రేటు తీసుకుని, నెలనెలా చివరి రోజున మిగిలిన బాకీ మీద వడ్డీ కట్టాలి. లెక్క చూపడానికి రేటు 9 శాతం అనుకుందాం. ఏప్రిల్ 1న 2,40,000 ఇచ్చి నెలాఖరులో 20,000 చొప్పున కోస్తే, నెలాఖరు బాకీల మొత్తం 13,20,000. నెలకు 0.75 శాతం చొప్పున పెర్క్ 9,900. ఉద్యోగి ఏమైనా వడ్డీ కడితే అది తీసెయ్యాలి.

ఫోను బిల్లు, ఆఫీసు ల్యాప్‌టాప్ వాడకం, ఆరోగ్య బీమా ప్రీమియం, వీటికి పన్ను లేదు. ముందుకు పోదాం.

నాలుగో పని: పన్ను ఎవరు భరిస్తారో తేల్చుకోండి

రెండు దారులు. మొదటిది మామూలు దారి: పెర్క్ విలువను జీతంలో కలిపి, మొత్తం మీద వచ్చిన పన్నును నగదు జీతంలోంచి కోయడం. రెండోది 192(1ఏ): నగదు కాని పెర్క్స్ మీద పన్నును యజమానే తన జేబులోంచి కట్టడం.

రెండో దారికి లెక్క ఇది. రణస్థలం దగ్గర ఒక ప్లాంటు మేనేజరు, నగదు జీతం 18,00,000, కొత్త విధానం. 2025 ఏప్రిల్‌లో కంపెనీ క్వార్టరులోకి వచ్చాడు: 5 శాతం 90,000. ఇంట్లో 1,20,000 సామాను: 12,000. చిన్న ఇంజను కారు, డ్రైవరుతో: 2,700 చొప్పున 12 నెలలకు 32,400. మొత్తం పెర్క్స్ 1,34,400. జీతంతో కలిపితే 19,34,400. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 18,59,400. స్లాబుల ప్రకారం పన్ను 1,71,880, 4 శాతం సెస్సుతో 1,78,755. సగటు రేటు 9.6136 శాతం. పెర్క్స్ వాటా 12,921, అంటే నెలకు సుమారు 1,077. ఇది యజమాని కడతాడు. మిగిలిన 1,65,834 ఉద్యోగి జీతంలోంచి నెలకు సుమారు 13,820 చొప్పున కోస్తారు.

యజమాని అలా కట్టిన 12,921 ఉద్యోగి చేతిలో మళ్లీ ఆదాయం కాదు, 10(10సీసీ) దాన్ని మినహాయిస్తుంది. అందుకు బదులుగా 40(ఎ)(v) సెక్షన్ ఆ సొమ్మును యజమాని ఖర్చుగా ఒప్పుకోదు. 25.168 శాతం పన్ను కట్టే కంపెనీకి దానివల్ల మరో 3,252 పోతుంది. మేనేజరు కోసం కంపెనీకి పడే అసలు భారం 16,173. జీతం పెంపు మాటల్లో ఈ అంకెనే బల్ల మీద పెట్టండి.

ఒక హెచ్చరిక. ఈ వెసులుబాటు నగదు కాని వాటికే. నగదు జీతం మీద పన్ను కూడా "నేనే కడతాను" అంటే, ఆ పన్ను మళ్లీ జీతం అవుతుంది, దాని మీద మళ్లీ పన్ను.

అయిదో పని: కట్టి, చూపించండి

టాన్‌తో (పన్ను కోసే సంస్థకిచ్చే నంబరు) ఆదాయపు పన్ను పోర్టల్‌లో లాగిన్ అయి చలానా 281తో కట్టాలి. గడువు తర్వాతి నెల 7వ తేదీ. మార్చిది మాత్రం ఏప్రిల్ 30. ప్రైవేటు సంస్థల జీతాలకు సెక్షన్ కోడ్ 92బీ. పెర్క్స్ అంచనాను ఏప్రిల్‌లోనే వేసి పన్నెండు నెలలకు పంచండి, మార్చిలో హెచ్చుతగ్గులు సర్దుకోవచ్చు. అంతా మార్చికి వదిలేస్తే ఆ నెల ఉద్యోగి చేతికి సగం జీతం కూడా రాదు.

త్రైమాసిక రిటర్ను 24క్యూ గడువులు జులై 31, అక్టోబరు 31, జనవరి 31, మే 31. చివరిదాని రెండో అనుబంధంలో పెర్క్స్ విలువకు విడిగా గడి ఉంది. అక్కడ సున్నా పెట్టి, జీతంలో కలిపేసి పంపడం మామూలుగా జరిగే తప్పు. అప్పుడు ఫారం 16, ఫారం 12బీఏ ఒకదానికొకటి పొసగవు. ఏడాది జీతం 1,50,000 దాటిన ప్రతి ఉద్యోగికీ 12బీఏ ఇవ్వాలి: ఒక్కో పెర్క్ విలువ, వసూలు చేసింది, మిగిలింది, దాని మీద కట్టిన పన్ను. ఫారం 16తో పాటు జూన్ 15లోపు చేతికివ్వండి. 192(1ఏ) వాడితే యజమాని కట్టిన పన్ను అందులో విడిగా కనబడాలి.

కోయకపోతే నెలకు 1 శాతం వడ్డీ, కోసి కట్టకపోతే 1.5 శాతం. ఒక్క రోజు దాటినా నెల లెక్కే. రిటర్ను ఆలస్యానికి రోజుకు 200, ఆ త్రైమాసికం టీడీఎస్ మొత్తానికి మించకుండా. కోయని జీతం ఖర్చులో 30 శాతం కొట్టేస్తారు కూడా. ఒక ఊరట ఉంది: ఉద్యోగి తన రిటర్నులో ఆ పెర్క్ చూపించి పన్ను కట్టేసి ఉంటే, సీఏ సంతకంతో ఫారం 26ఏ పెట్టుకుని అసలు బాధ్యత తప్పించుకోవచ్చు. అతను రిటర్ను వేసిన రోజు వరకు వడ్డీ మాత్రం తప్పదు.

జీఎస్టీని దీంతో కలపకండి. అక్కడ ఉద్యోగికి ఏడాదికి 50,000 వరకు కానుక సరఫరా కిందికి రాదు. దాన్ని చూసి ఆదాయపు పన్నులో కూడా 50,000 అనుకునేవాళ్లున్నారు, ఇక్కడ గీత 5,000. కానుకగా ఇచ్చిన సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం) రాదు. క్యాంటీను క్రెడిట్ మామూలుగా రాదు గానీ, ఏదైనా చట్టం ప్రకారం ఆ ఫ్యాక్టరీలో క్యాంటీను తప్పనిసరైతే వస్తుంది. డ్రైవరుతో కలిపి 13 మందికి మించి సీట్లున్న బస్సుకు వస్తుంది, చిన్న బండికి రాదు.

ఉద్యోగి మానేసే రోజు

ఫుల్ అండ్ ఫైనల్ లెక్క చేసేటప్పుడు ఆ తేదీ వరకు ఇల్లు, కారు, అప్పు పెర్క్స్ తేల్చి, చివరి జీతంలోంచే కోయాలి. తర్వాత దొరకడు.

ల్యాప్‌టాప్ అతనికే అమ్మేస్తే తేదీ చూసుకోండి. కంప్యూటర్లకు వాడిన ప్రతి పూర్తి ఏడాదికీ మిగిలిన విలువలో 50 శాతం తగ్గించాలి. 2023 జూన్ 10న 60,000కు కొని వాడకంలో పెట్టినది 2025 జూన్ 5న 2,000కు ఇచ్చేశారనుకోండి. పూర్తయింది ఒక్క ఏడాదే. విలువ 30,000, పెర్క్ 28,000. అదే జూన్ 12న ఇస్తే రెండేళ్లు నిండి విలువ 15,000, పెర్క్ 13,000. కార్లకు ఇదే పద్ధతిలో ఏడాదికి 20 శాతం. మిక్సీ, వాషింగ్ మెషీన్ లాంటి ఇంటి సామానుకు 50 శాతం వర్తించదు, కొన్న ధరలో ఏడాదికి 10 శాతం మాత్రమే తగ్గుతుంది.